గురవయ్య వేరుమందు

గురవయ్యది మోత్కూరు పక్కన చిన్న పల్లె. నాలుగెకరాల మెట్ట సేద్యం ఉన్నా, చుట్టుపక్కల ఊళ్లకు ఆయన పాముకాటు మందిచ్చే మనిషిగానే తెలుసు. తండ్రి చూపించిన వేరును మిరియాలతో నూరి తాగించేవాడు. ప్రతిఫలంగా ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. బతికినవాళ్లే ఎక్కువ. పోయినవాళ్ల గురించి, ఆలస్యంగా తెచ్చారని జనమే సర్దిచెప్పుకునేవారు.

1961లో ఆయనకు వరసకు తమ్ముడైన దుర్గయ్యను జొన్నచేలో రక్తపింజర కరిచింది. గురవయ్య అతన్ని తన ఇంట్లోనే పడుకోబెట్టుకుని మూడు రోజులు మందు పోశాడు. చిగుళ్ల నుంచి రక్తం కారింది. మూత్రం ఎర్రగా వచ్చింది. నాలుగోనాడు దుర్గయ్య చనిపోయాడు. అతని భార్య బక్కమ్మ గురవయ్యను ఒక్క మాట అనలేదు. "నీ చేతనైంది నువ్వు చేసినవ్ బావా" అంది.

మరుసటేడు రఘుపతి అనే డాక్టరు హైదరాబాదు నుంచి జీపులో వచ్చాడు. ఆయన విషాల మీద పరిశోధన చేస్తున్నాడు. రక్తపింజర విషంలో ఉండే ఒక ప్రొటీను రక్తాన్ని క్షణాల్లో గడ్డకట్టిస్తుందనీ, గాయమైతే రక్తం ఆగని రోగుల్లో లోపం ఎక్కడుందో దాంతో కనిపెడతారనీ చెప్పాడు. దానికి బతికున్న పాములు కావాలన్నాడు. గురవయ్య వారం తిరిగి మూడు పాములను పట్టి కుండల్లో పెట్టాడు. వాటితోపాటు తానూ జీపెక్కాడు. రుమాలులో వేరు మూటగట్టుకున్నాడు.

"నా మందు గూడ జర చూడుండ్రి సారూ. పట్నపోళ్లకు గూడ పనికొస్తది" అన్నాడు.

రఘుపతి కాదనలేదు. హైదరాబాదులోని తన ప్రయోగశాలలో గురవయ్య చేతి నుంచే రక్తం తీసి, వెంటవెంటనే నాలుగు గాజు గొట్టాల్లో పోశాడు. మొదటి దాంట్లో రక్తం ఒక్కటే. రెండోదాంట్లో విషం. మూడోదాంట్లో విషం, వేరు రసం. నాలుగోదాంట్లో విషం, దాని విరుగుడు సీరం. రెండో గొట్టం వంచేసరికే రక్తం జున్నులా బిగుసుకుపోయింది. మూడోదీ అంతే, ఒక్క రెప్పపాటు కూడా తేడా లేదు. నాలుగోది మాత్రం మొదటి గొట్టంలోని మామూలు రక్తంలాగే, అన్నే నిమిషాలు పట్టి మెల్లగా గడ్డకట్టింది.

గురవయ్య మళ్లీ చేయమన్నాడు. రఘుపతి మళ్లీ చేశాడు. అదే జరిగింది.

"మరి దుర్గయ్యకు రక్తం ఆగకపాయె గద సారూ?"

"ఒంట్ల గడ్డకట్టించే సరుకునంత ముందుగాల విషమే ఖర్చు చేసేస్తది. ఆ తర్వాత రక్తం ఆగమన్నా ఆగదు."

"నేను బతికించినోళ్లో?"

రఘుపతి గొట్టాలను పక్కన పెట్టాడు. "కొన్ని పాములకు విషముండదు గురవయ్యా. విషమున్న పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. వాళ్లు ఎట్లయినా బతికేటోళ్లే."

ఊరికి వచ్చాక గురవయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు బక్కమ్మ ఇంటికి వెళ్లి, నిలబడే జరిగిందంతా చెప్పాడు. మొదటిరోజే దవాఖానకు తీసుకుపోయి ఉంటే దుర్గయ్య బతికేవాడేమో అన్నాడు.

బక్కమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "చచ్చిపోయినోడు రాడు. ఆ దేవుడి రాత అనుకుంట ఇన్నొద్దులు నిద్రపోయిన. గిప్పుడు గా నిద్ర గూడ లేకుంట చేసినవ్. పో బావా" అంది.

ఆ వానాకాలంలోనే దశరథం అనే పాలేరు భార్య యాదమ్మను నాట్లలో రక్తపింజర కరిచింది. పొద్దున్నే పదిమంది ఆమెను మోసుకొచ్చారు.

"నా మందుతోని ఏం గాదు. బస్సుకు పోదాం నడువుండ్రి" అన్నాడు గురవయ్య.

దశరథం కాళ్ల మీద పడ్డాడు. "నీ మీద నమ్మకంతోని తెస్తే గిట్లంటవేంది మామా? మందు పొయ్యి!" పెద్దమనుషులు కోప్పడ్డారు. మందు తాగనిదే కదిలేది లేదని యాదమ్మే ఏడ్చింది. వాదిస్తే పొద్దు పోతుంది. గురవయ్య గబగబా వేరు నూరి ఆమె నోట్లో పోసి, "తాగినవ్ గద. గిప్పుడు బస్సుకు పోదాం" అన్నాడు.

మధ్యాహ్నానికి తాలూకా దవాఖాన చేరారు. పాము విషానికి విరుగుడు సూదిమందు అక్కడ ఉంది. డాక్టరమ్మ రాత్రిదాకా ఎక్కిస్తూనే ఉంది. పదకొండో రోజున యాదమ్మ నడిచి ఊరికి వచ్చింది.

ఊరంతా గురవయ్య ఇంటికొచ్చింది. వేరుమందే గెలిచిందన్నారు. సూదిమందు బతికించిందని ఆయన చెబితే, పెద్దమనిషి గనుక గొప్ప చెప్పుకోవడం లేదన్నారు. దారిలో ఎదురైన బక్కమ్మ మాత్రం ఆగి, "యాదమ్మకు పనిచేసిన మందు నా పెనిమిటికెందుకు పనిచెయ్యలే? ఆయనకు సక్కగ పొయ్యలేదా?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబుంది. కానీ చెప్పినా ఆమె నమ్మదని తెలిసి తలవంచుకున్నాడు.

అప్పటి నుంచి వేరు నూరలేదు. వచ్చినవాళ్లనల్లా బస్సెక్కించడానికి చూసేవాడు. కొందరు ఎక్కారు. వాళ్ల వెంట తానూ పోయి దవాఖాన అరుగు మీద కూర్చునేవాడు. చాలామంది ఆయన్ని తిట్టి, ఇంకో ఊరి మంత్రగాడి దగ్గరికి వెళ్లిపోయారు.

1967 శ్రావణంలో ఎవరో ముసలాయన పాము కరిచిన తన కోడలిని ఎడ్లబండిలో తెచ్చాడు. మందు లేదనేసరికి ఎడ్లను వెనక్కి మళ్లించాడు. గురవయ్య బండి వెనక పరుగెత్తాడు.

"దవాఖానకు పోనియ్యి అయ్యా! నీ కాళ్లు మొక్కుత!"

ముసలాయన తిరిగి చూడలేదు. ఆ పిల్ల మాత్రం బండిలో తల ఎత్తి, మలుపు తిరిగేదాకా గురవయ్యనే చూసింది. ఏ ఊరివాళ్లో, ఆమె ఏమైందో, గురవయ్య ఎన్ని సంతల్లో అడిగినా తెలియలేదు.