ఖాళీ ప్లేటు ఒప్పుకోని అన్న

మా టీమ్ లీడ్ పోయాడు. ఈ పరాయి దేశంలో, మా ఆఫీసులో తెలుగువాళ్లందరికీ ఆయన అన్నే, నాకూ అన్నే. ఆ రోజు పొద్దున యూ టీ స్టేషన్‌లో రైలెక్కబోతుంటే వదిన ఫోన్ చేసి, "మీ అన్న లేడమ్మా, నిద్రలనే పోయిండు" అంది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ చల్లారలేదు. పొగడ్తలు తక్కువై కోపం ఎక్కువైతే చదివేవాళ్లు మన్నించాలి.

అన్న శాంతమూర్తి కాడు. కోడ్ బాగాలేకపోతే అందరి ముందే కడిగేసేవాడు. ఇంట్లో కూతురు ఇక్కడి యాసలో "చిల్ లా నాన్నా" అన్నా తగ్గేవాడు కాదు. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల పట్టుకోవడానికి అందరూ టిష్యూ ప్యాకెట్ పెడితే, ఈయన ఆఫీసు కార్డు పెట్టేవాడు. దాన్ని అక్కడే మర్చిపోయి, ఆఫీసు గేటు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేసేవాడు, అదీ కసురుకుంటూనే.

ఆ బల్ల దగ్గరే నాకు పని నేర్పాడు. ఫోన్‌లో యాప్ ఏదైనా అడిగితే, సర్వర్ వైపు నుంచి జవాబు పంపే కోడ్‌ని మేం కంట్రోలర్ అంటాం. సమాచారం తేవడం కుదరనప్పుడు చాలామంది ఖాళీ జాబితా పంపేసి, అంతా సవ్యంగా ఉందనిపిస్తారు. యాప్ ఆగిపోదు, ఎవరూ తిట్టరు. అన్నకి అది చూస్తే ఒళ్లు మండేది.

"దోశ అడిగితే, పిండి అయిపోయిందని చెప్పాలె. ఖాళీ ప్లేటు పెట్టి తినమంటరా? లేదు అనుడు వేరే, తెల్వదు అనుడు వేరే. జవాబుల ఆ రెండిటికీ వేరే వేరే జాగ ఉండాలె."

మా చివరి ప్రాజెక్టు, క్రాంజీ డార్మిటరీల్లో ఉండే వలస కార్మికులు రక్తపరీక్ష ఫలితాలు చూసుకునే యాప్. మేం దాన్ని సరిచూసుకుంటున్న రోజు ల్యాబ్ సర్వర్ ఆగిపోయింది. మా కంట్రోలర్ ఖాళీ జాబితా పంపింది. యాప్ దాన్ని చూసి "మీకు ఏ సమస్యా లేదు" అని చూపించింది. మార్చాల్సిందేనన్నాడు అన్న. కుదరదన్నాడు మేనేజర్. డెమో దగ్గరపడిందట, తెరమీద ఎర్రక్షరాల్లో లోపం కనిపిస్తే క్లయింట్ బెదురుతాడట. అన్న గొంతు పెంచాడు. మర్నాడే ఆయన్ని ప్రాజెక్టు నుంచి తప్పించారు. నెల తిరక్కుండా పోయాడు. దానివల్లే పోయాడని నేను అనను. కానీ ఆ రోజుల్లో ఆయన ఎవరినీ తిట్టలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు.

సంతాపానికి మేనేజర్ వచ్చాడు. "మంచి మనిషండీ. కాస్త సర్దుకుపోయే గుణం ఉండుంటే..." అన్నాడు వదినతో. వదిన తల దించుకుంది.

"సర్దుకుపోయుంటే జబ్బున్నవాళ్లకి జబ్బు లేదని చెప్పేవాళ్లం సార్" అన్నాను.

ఆయన వాచీ చూసుకున్నాడు. సోమవారం నేను అన్న చెప్పినట్టే కోడ్ మార్చి, ఇది తీసేస్తే నన్నూ తీసేయండని మెయిల్ పెట్టాను. కోడూ తీసేయలేదు, నన్నూ తీసేయలేదు.

నిన్న క్రాంజీలో యాప్ మొదలైంది, చూసుకోవడానికి నేనూ వెళ్లాను. కాసేపటికే ల్యాబ్ సర్వర్ మళ్లీ ఆగింది. డార్మిటరీ క్లినిక్ బయట జగిత్యాల మనిషొకాయన ఫోన్ నా ముందు పెట్టాడు. "మీ ఫలితం తేలేకపోయాం. సమస్య లేదని దీని అర్థం కాదు. క్లినిక్‌లో అడగండి" అని ఉంది.

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"ఇంకా తెల్వదు. లోపలికి పోయి అడుగుండ్రి."

పనికి తీసుకెళ్లే లారీ హారన్ కొడుతోంది. ఆయన అటు ఓసారి చూసి, ఫోన్ చేత్తో పట్టుకునే క్లినిక్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. లారీ ఆయన లేకుండానే కదిలింది.