నాయనమ్మ బడి బల్ల

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. మా నాయనమ్మ చదివిన బడికి నాలుగు గదులు, ఒక వేపచెట్టు, కంచు గంట, పరదా కట్టిన ఎడ్లబండ్లు రెండు, ముప్పై ఆరు బల్లలు ఉండేవి. బండ్లు నేను పుట్టకముందే పోయాయి. గదులు కూల్చేశారు, చెట్టు కొట్టేశారు. గంట ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. బల్లల్లో మొన్నమొన్నటికి ముప్పై నాలుగు సినిమాల్లో పోయాయి.

నేను కృష్ణానగర్‌లో, షూటింగులకు సామాను అద్దెకిచ్చే గోదాములో పనిచేస్తాను. ఏం వెళ్లింది, ఏం తిరిగొచ్చిందో చూడటం నా పని. బడి మూతపడ్డాక మా యజమాని ఆ బల్లలన్నీ కొన్నారు. సినిమాలో పాతకాలం బడి కావాలంటే ఫిల్మ్‌నగర్ నుంచి వ్యాను వచ్చేది. పన్నెండు వెళ్తే పదకొండు వచ్చేవి. ఒకటి వానపాటలో నాని ఉబ్బింది, ఒకటి హీరో ఎక్కి గెంతితే విరిగింది. అలా రెండు మిగిలాయి.

ఆ బడి నూరేళ్ల కిందట పాత నగరంలో ఒక వకీలు గారి ముందుగదిలో మొదలైందని నాయనమ్మ చెప్పేది. సర్కారు బడి కాదు. తెలుగు ఆడపిల్లల కోసం నలుగురు కలిసి పెట్టుకున్న బడి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇంటింటా ఒక పిడికెడు తీసి కుండలో వేసేవారు. వారానికొకసారి ఆ బియ్యం పోగుచేసి పంతులమ్మలకు ఇచ్చేవారు. పిల్లలను బండిలో పరదా వేసి తెచ్చేవారు. పరదా సందులోంచి బజారు చూడటమే సగం చదువని నాయనమ్మ నవ్వేది.

ఆ బడికి ఒక కట్టడి ఉండేది. చదువు ముగిసిన పిల్ల, బడి ముఖం చూడని ఒక ఆడమనిషికి తాను చదువు చెప్పాలి. ఆమెను తీసుకొచ్చి బడి బల్ల మీద కూర్చోబెట్టాలి. చెప్పిన పిల్ల పక్కకు తప్పుకుంటే, వేరొకరు చదివించి, ఎక్కాలు అడిగేవారు. గట్టెక్కితే ఇద్దరికీ బెల్లం ముక్క. అంతవరకు ఆ పిల్ల బడికి ఒక మనిషి బాకీ ఉన్నట్టే.

నాయనమ్మ తన వదినకు చెప్పడం మొదలుపెట్టింది. ఏడో ఎక్కం దగ్గర ఉండగా నాయనమ్మకు పెళ్లి చేసి పంపేశారు. వదిన ఎంతోకాలం బతకలేదు. నాయనమ్మకు పుట్టినవాళ్లందరూ కొడుకులు. కోడళ్లు చదువుకునే వచ్చారు. ఇక నన్ను పట్టుకుంది. నేను బడిలో నేర్చింది తక్కువ. ఎక్కాలు, వడ్డీలు, కొలతలు ఆమె ఒడిలోనే మొదలయ్యాయి, తర్వాత నా అంతట నేను నేర్చుకున్నాను. ఆ బాకీకి జమ నేనేనని చాలాకాలం అనుకున్నాను. ఆమె మంచం పట్టినప్పుడు ఇరవయ్యో ఎక్కం దాకా ఒప్పజెప్పి, “ఇంక తీరినట్టేనా?” అని అడిగాను.

“నువ్వు మొగపిల్లగానివి బిడ్డా. గా లెక్కకు రావు.”

“బడే పోయింది కదా నాయనమ్మా.”

“బడి పోతే బాకీ పోతదా?”

ఆమె అలాగే వెళ్లిపోయింది.

మా గోదాములో ఇత్తడి సామాను తోమే ఆవిడ ఉంది. నలభై దాటింది, వెనక సందులోనే కిరాయికి ఉంటుంది. చదువుకోలేదు. ఒకరోజు టీ తాగుతూ ఈ కథ చెప్పి, నాయనమ్మ బదులు నేను చెబితే నేర్చుకుంటారా అని అడిగాను. “మీ నాయనమ్మ బాకీకి నా పానం తీస్తరా అన్నా?” అంది. కానీ మర్నాడు పలక తనే తెచ్చుకుంది. రెండు వానాకాలాలు పట్టింది. బిందె తోముతూ ఎక్కం చదివేది, తప్పితే బిందెను తిట్టేది.

ఈ మధ్య ఒక శనివారం యజమాని చెప్పారు. “ఆ బల్లలు రెండూ సోమవారం పంపించేయండి. మంట సీనుకి పాత చెక్క కావాలంటున్నారు.”

బల్ల లేకుండా పరీక్ష లేదు. నేను ఆవిడ వైపు చూశాను.

“ఒత్తులు ఇంకా సక్కగ రావన్నా,” అంది.

“సోమవారం తర్వాత బల్ల ఉండదమ్మా.”

చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ బల్ల మీద కూర్చుంది. అడగవలసింది నేను కాదు కాబట్టి యజమానిని బతిమాలాను.

“నేనేం అడుగుతానండీ? నాకే ఎక్కాలు రావు,” అన్నారాయన.

“పదమూడోది అడుగుండ్రి సార్. తప్పయితే అన్న మొకం చూడుండ్రి, తెలిసిపోతది,” అంది ఆవిడ.

నేను గోడవైపు తిరిగాను. పదమూడు ఏడులు తొంభై ఒకటి అన్నాక ఆగిపోయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు వెళ్లే బస్సు హారన్ వినబడింది. “పదమూడు ఎనిమిదులు నూట నాలుగు,” అంది నెమ్మదిగా. చివరిదాకా చెప్పింది.

చదవడానికి యజమాని గోడకు ఆనించి ఉన్న బోర్డు చూపించారు. పాత సినిమాకు రాయించిన పోలీసు స్టేషన్ బోర్డు. ఆవిడ ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో గాలిలో దిద్దుకుంది. “ర... క్ష... రక్షక... భట... రక్షకభట నిలయం.” ఆగి, “ఇంత పెద్ద మాటా? దొంగలు ఇది చదివేలోపే దొరుకుతరు,” అంది.

యజమాని పెద్దగా నవ్వారు. జేబులో ఉంచుకున్న బెల్లం తీసి నేను రెండు ముక్కలు చేశాను. ఒకటి ఆవిడకిచ్చి, నాయనమ్మ వంతు ముక్క నేను నోట్లో వేసుకున్నాను.

“గట్లయితే ఇగ నేను బాకీ పడ్డ కదన్నా?” అంది ఆవిడ, బల్ల దిగకుండానే. “మా అత్తకు చెప్తే లెక్కకొస్తదా? ఆమెకు ఓనమాలు గుడ రావు. నేను చెప్తే అస్సలు వినది.”

“వస్తుంది,” అన్నాను.

యజమాని ఒకసారి బల్ల వైపు, ఒకసారి ఆవిడ వైపు చూశారు. “సోమవారం ఒక్కటే పంపండి. ఇంకోటి విరిగిందని చెబుదాం.”

ముప్పై అయిదు బల్లలు పోయాయి. మిగిలిన దాని మీద ఇప్పుడు పలకా బలపం ఉంటున్నాయి. ఆ అత్తగారు అయిదో ఎక్కం దగ్గర అలిగి కూర్చుంది. నాయనమ్మది తీరింది. బడికి మా బాకీ మాత్రం ఈనాటికీ ఒకరు.