ఏమీ జరగని ఎపిసోడ్లు

స్పైరల్ బైండింగ్ మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది. ఆ ప్లాస్టిక్ తీగ కొస దేనికో ఒకదానికి తగులుకోకుండా ఉండదు. సంచిలో పెడితే తువ్వాలు దారాలు లాగుతుంది, ఒళ్లో పెట్టుకుంటే చొక్కా పట్టుకుంటుంది. పోనీ అని పూర్తిగా తీసేస్తే మళ్లీ ఎక్కదు. మనిషి చేసిన వస్తువుల్లో ఇంత మొండిది ఇంకోటి లేదని అనను గానీ, పోటీకి నిలబడుతుంది. ఈ సంగతి జిరాక్స్ సెంటర్ల వాళ్లు ముందుగా ఎవరికీ చెప్పరు.

అప్పట్లో నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాను. ఇల్లు టేకులపల్లిలో. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే ఇల్లెందు దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలయ్యేది, సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి. నాన్న కరెంటు లైన్‌మన్. అందరికీ పోయినట్టే మా ఇంట్లోనూ కరెంటు పోయేది. లైన్‌మన్ ఇంట్లో కూడా చీకటేనని ఊళ్లోవాళ్లకు అదో తృప్తి. అమ్మకు ఇంటిపని, ఆదివారం చర్చి, ఆ రెండూ పోగా మిగిలిన సమయమంతా మా గురించి దిగులు.

దిగులుకు కారణం అక్క. చిన్నప్పుడు అక్కకు కీళ్ల జ్వరం వచ్చింది. అది కీళ్లను వదిలేసి గుండెను పట్టుకుంది. ఇంటర్ అయ్యాక కొన్నాళ్లు చర్చి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పింది. తర్వాత బడి దాకా నడవలేకపోయింది, ఆ తర్వాత గేటు దాకా. హైదరాబాద్ డాక్టరు వాల్వు మార్చాలన్నాడు. అయితే ఇప్పుడే కోస్తే తట్టుకోలేదు, కాస్త కోలుకోనివ్వండి అన్నాడు. ఆపరేషన్ కావాలంటే కోలుకోవాలి. కోలుకోవాలంటే ఆపరేషన్ కావాలి. ఈ రెండు వాక్యాల మధ్య ఒక మంచం వేసుకుని, మంచానికి ఎదురుగా టీవీ పెట్టుకుని మా ఇల్లు కాపురం చేసింది.

ఆ టీవీలో పిల్లల చానల్లో సాయంత్రాలు జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి వచ్చేది. ఇద్దరు అన్నదమ్ములు. ఇంట్లో ఎవరూ మిగల్లేదు. మంచుకొండ అవతల ఊళ్లో మేనత్త ఉంది. అక్కడికి పోవాలి. కథ ఇంతే. కానీ టీవీలో ఆ కొండ తరిగేది కాదు. పొద్దున నాలుగడుగులు వేసేవాళ్లు, మధ్యాహ్నానికి ఎవరి గుడిసెలోనో ఆగేవాళ్లు, గంజి తాగేవాళ్లు, పడుకునేవాళ్లు. మర్నాడు మళ్లీ నాలుగడుగులు.

నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఖమ్మంలో నెట్ సెంటర్‌లో కూర్చుని అసలు పుస్తకం నేను చదువుతున్నాను. జపాన్‌లో ఇలాంటి సీరియళ్లకు చాలావాటికి ముందు బొమ్మల పుస్తకం ఉంటుంది. మాంగా అంటారు. ఎవరో పుణ్యాత్ములు పేజీలు స్కాన్ చేసి, ఇంగ్లీషు మాటలు అతికించి నెట్‌లో పెట్టేవాళ్లు. పుస్తకంలో గంజి ఒక్కసారే తాగుతారు. గుడిసెలు ఇన్ని లేవు. రచయిత ఇంకా రాస్తూనే ఉన్నాడు, టీవీవాళ్లు ఆయన్ని అందుకోబోతున్నారు. అందుకుంటే చూపించడానికి కథ ఉండదు కాబట్టి, ఆయన నాలుగు పేజీలు ముందుకు పోయేదాకా సొంతంగా గుడిసెలు కట్టి, గంజి కాచి కాలక్షేపం చేస్తున్నారు. తెలిసినవాళ్లు దీన్ని ఫిల్లర్ అని తిట్టుకుంటారు. నేను తెలిసినవాణ్ణి.

ఒక శనివారం ఇదంతా అక్కకు వివరంగా చెప్పాను. కాలేజీ చదువు వల్ల వచ్చే జబ్బుల్లో వివరంగా చెప్పడం ఒకటి.

"అంటే ఈ గంజి తాగుడు బుక్కుల లేదా?" అంది అక్క.

"లేదు. ఉత్తగనే సాగదీస్తున్నరు."

"సాగదియ్యనీయ్. నీకేం తొందర?"

"తొందరని కాదక్కా. ఏం జరుగుతలేదు గద."

"ఏం జరగకపోతే మంచిదే గదరా," అని దిండు సర్దుకుంది. "మొన్న దవాఖానాకు పోతే డాక్టరు ఏమన్నడు? ఏం మార్పు లేదన్నడు. డాడీ దారిలో స్వీట్లు కొన్నడు."



మా ఇంట్లో మూడో కథ కూడా ఒకటి నడిచేది. అది అమ్మది. సీరియల్ హిందీలో వచ్చేది, అమ్మకు హిందీ రాదు. బియ్యం ఏరుతూ బొమ్మల్ని చూసి కథ తానే అల్లుకునేది. తమ్ముడి జుట్టు ముళ్లపందిలా నిలబడి ఉంటుంది. "ఆ పిల్లగానికి తలకు నూనె పెట్టే దిక్కు లేదు," అన్నది అమ్మ కథకు మూలం. మేనత్త మంచిది కాదు, అందుకే ఎదురు రావడం లేదు. దార్లో కత్తి పట్టుకుని తిరిగే గడ్డపాయన పాస్టర్‌గారు. పెద్దవాడు మాటిమాటికీ దగ్గుతుంటే అమ్మ చేతులు బియ్యంలో ఆగిపోయేవి. "వానికి మిరియాల కషాయం పట్టియ్యాలె," అనేది టీవీతో. పుస్తకానికీ సీరియల్‌కీ తేడాలు నేను వేళ్ల మీద చెప్పగలను. అమ్మ కథ ఈ రెంటికీ దూరం. కానీ పెద్దవాడికి ఏదో అవుతుందని మాలో మొదట కనిపెట్టింది అమ్మే.

నాన్న సీరియల్ చూసేవాడు కాదు. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల ఏడింటిదాకా తియ్యరట," అని చెప్పేవాడు. కరెంటు సంగతి. అక్క కోసం ఆయన తేగలిగిన కబురు అదొక్కటే. అది ఒక్కోరోజు నిజమయ్యేది కూడా.

చిక్కంతా చానల్‌వాళ్లతో వచ్చింది. వాళ్లు కొన్నది కొన్ని ఎపిసోడ్లే కాబోలు. అన్నదమ్ములు కొండ సగం ఎక్కి, పెద్దవాడు ఒక రాయి మీద కూలబడేదాకా వచ్చేది. మర్నాడు మళ్లీ మొదటి ఎపిసోడ్. ఇద్దరూ ఇంటికి తాళం వేసి బయల్దేరేవాళ్లు. ఒకసారి చూశాం, రెండోసారి చూశాం. మూడోసారి పెద్దవాడు రాయి మీద కూర్చోగానే అక్క టీవీ కట్టేయమంది.

"తమ్మీ, నీ బుక్కుల ముందటి కథ ఉందా?"

"ఉంది."

"ఈ పెద్దోడు బతుకుతడా, పోతడా?"

నేను నీళ్లు తాగడానికి లేచాను.

"చెప్పకు. బుక్కు తే. నేనే చదువుకుంటా."

"ఇంగ్లీషుల ఉంటదక్కా."

"నేనేం దొంగపాస్ అయిన్నా ఇంటర్?"

అలా ఆ వచ్చే శనివారం నెట్ సెంటర్‌లో పేజీలన్నీ ప్రింట్ తీయించి, బస్టాండు పక్కన జిరాక్స్ సెంటర్‌లో ఇచ్చాను. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి. స్పైరల్ కుడిపక్కన రావాలి. ఇది ఆయనకు చెప్పాలి కదా. బస్సు తొందరలో, "అన్నా, ఇది వెనకనుంచి చదివే బుక్కు," అని చెప్పి టీ తాగడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి పుస్తకం తయారైంది. స్పైరల్ ఎడమపక్కన ఉంది. తెరిస్తే ఆఖరి పేజీ మొదట ఉంది.

"వెనకనుంచి చదవాల్నంటే నీకు తిప్పలు గద," అన్నాడాయన, మేలు చేసినవాడి ముఖంతో. "పేజీలన్ని తిరగేసి పెట్టిన. ఇగ మంచిగ ముందునుంచే చదువుకో."

తీసి మళ్లీ వేయమన్నాను. తీగ వస్తుంది గానీ మళ్లీ ఎక్కదన్నాడు. ఇంకో తీగ వేయమనేలోపు ఇల్లెందు బస్సు కదిలింది. ఎక్కేశాను.

రచయిత అప్పటిదాకా రాసినదాంట్లో ఆఖరి పేజీ అది. దాంట్లో మాటలు లేవు. పేజీ నిండా తెల్లటి మంచు, కింద మూలన పెద్దవాడి చెయ్యి. అంతే. ప్రింటర్‌లో ఇంకు తక్కువై ఆ చెయ్యి కూడా సరిగా పడలేదు. ఇల్లు చేరాక, అక్క చూసేలోపు, పేజీలు విప్పేసి సరిగ్గా పేర్చి సూదీదారంతో కుట్టాలనుకున్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే అక్క చెయ్యి చాపింది. సంచిలోంచి తీస్తుంటే తీగ తువ్వాలుకు తగులుకుంది. తువ్వాలుతో సహా లాక్కుంది.

మొదటి పేజీ తెరిచింది. మంచు, చెయ్యి. చాలాసేపు చూసింది. అమ్మ కూడా వంగి చూసి వంటింట్లోకి పోయింది. నేను గుమ్మంలో కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకున్నాను. అంత శుభ్రమైన చెప్పులు ఆ రోజు మండలంలో ఇంకెవరికీ లేవు.

అక్క చదువుతూ పోయింది. మధ్యమధ్యలో ఆయాసానికి పుస్తకం గుండెల మీద బోర్లా పెట్టుకుని ఆగేది. మర్నాడు చర్చి నుంచి మేం వచ్చేసరికి అయిపోయింది.

"తమ్మీ, టీవీ కన్న నీ బుక్కే మంచిగుందిరా."

"ఏం మంచిగుంది?"

"మొదలే పోయిండు. ఆ బాధ గంతటితోటి అయిపోయింది. తర్వాత లేచి కూసున్నడు. దగ్గు తగ్గింది. తమ్మునితోటి కొట్లాడిండు. ఇంటికి పోయి తాళం తీసిండు. ఆఖరికి వాళ్లమ్మ గూడ బతికొచ్చింది, గంజి పోసింది."

చెప్పేయడమే మంచిదనిపించింది. "అక్కా, పేజీలు ఉల్టా ఉన్నయ్. ఆ జిరాక్సాయన..."

"తెల్సులేరా. కింద నంబర్లు కనవడ్తలెవ్వా ఏంది? ముందుగాల జవాబు వస్తది, తర్వాత ప్రశ్న వస్తది. రెండు పేజీలు చదివేసరికే తెల్సింది."

"మరి గట్లనే ఎందుకు చదివినవ్?"

"రాసినోడు ఎటునుంచి రాస్తే గటునుంచే చదవాల్నా?" అంది. నవ్వబోతే దగ్గు వచ్చింది. అమ్మ మిరియాల కషాయం తెచ్చింది.

ఎండాకాలం వచ్చింది. అడవిలో తునికాకు కోత మొదలైంది, పొద్దున్నే ఆడవాళ్లు గుంపులుగా మా ఇంటి ముందునుంచి పోయేవాళ్లు. ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, అక్క పోయింది. ఆపరేషన్‌కు సరిపడా కోలుకోలేదు. నేను ఖమ్మంలో పరీక్ష రాస్తున్నాను. పరీక్ష బాగానే రాశాను. బస్సు ఎప్పటిలాగే ఇల్లెందులో టీకి ఆగింది. నాన్న ఆ రోజు ఎవరినో అడిగి, సమాధి దగ్గరినుంచి అందరూ తిరిగొచ్చేదాకా ఊళ్లో కరెంటు పోకుండా చూశాడని తర్వాత విన్నాను. ఇంట్లో కరెంటు ఉంది. ఫ్యాన్ తిరిగింది. దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు.

ఉద్యోగంలో చేరాక, ఆ సీరియల్ మొత్తం కంప్యూటర్‌లో దొరికింది. పుస్తకంలో ఒక్క పేజీలో అయిపోయిన చావును టీవీవాళ్లు కొన్ని ఎపిసోడ్లపాటు లాగారు. పెద్దవాడు రాయి మీద కూర్చుంటాడు. చిన్నప్పటి సంగతులు గుర్తొస్తాయి. లేచి మళ్లీ నడుస్తాడు. పుస్తకంలో లేని ఒక గుడిసె వస్తుంది. పుస్తకంలో లేని ఒక ముసలమ్మ గంజి పోస్తుంది. ఆ రాత్రి పడుకుని, పొద్దున లేస్తాడు కూడా. చూసినవాళ్లంతా కింద కామెంట్లలో బూతులు రాశారు: ఎన్నాళ్లు చంపకుండా తిప్పుతారని. నేను మాత్రం ముసలమ్మ గంజి పోసే ఎపిసోడ్‌ను ఇంకోసారి పెట్టుకున్నాను.

అది తర్వాతి సంగతి. ఆ ఎండాకాలం సెలవుల్లో మాత్రం మా ఇంట్లో మంచం తీసేశారు, టీవీ ఉన్నచోటే ఉంది. ఒక సాయంత్రం అమ్మ నేల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను టీవీ పెట్టాను, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని. అన్నదమ్ములు ఇంటికి తాళం వేసి బయల్దేరుతున్నారు. మొదటి ఎపిసోడ్. తీసేయబోతే అమ్మ వద్దని చెయ్యి ఊపింది.

కాసేపు చూసింది. తమ్ముడి జుట్టు గురించి ఏమీ అనలేదు.

"కొడుకా, ఆ పెద్దోడు సచ్చిపోతడు గద?"

"అవ్. బుక్కుల సచ్చిపోతడు."

"టీవీల?"

"టీవీల అక్కడిదాకా రానియ్యరమ్మా. ఆ రాయి మీద కూసోంగనే ఆపేసి, మళ్ల మొదట్నుంచి ఏస్తరు."

అమ్మ చేటను పక్కన పెట్టింది. తెర మీద పెద్దవాడు తాళంచెవి నడుముకు కట్టుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకా దగ్గు రాలేదు.

"ఆ టీవీ వాళ్లకున్నపాటి జాలి," అంది అమ్మ, "గా రాసినోడికి లేకపాయె."