నిద్రపోయింది అని రాసిన రోజులు

చదువు ఐదో తరగతితోనే ఆగిపోయినా నా చేతిరాత గుండ్రంగా ఉండేది. ఆ గర్వంతోనే వాకాడు దగ్గర, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లల హోంలో ఆయాగా చేరాను. అరవైల మొదటి సంగతి. పిల్లలకు స్నానాలు చేయించడం, అన్నాలు తినిపించడం, సాయంత్రం ఒక్కో బిడ్డ గురించి పుస్తకంలో రాయడం నా పని.

నా గదిలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. మాట నెమ్మది, బుర్ర మాత్రం మహా చురుకు. అప్పుడప్పుడూ మూర్ఛ వచ్చేది; దానికి రోజూ మాత్రలు వేయడమూ నా పనే. చేర్చిన రోజే వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. "ఆ రోగం పేరు కాగితం మీద పెట్టబాక అక్కా! ఊళ్ళో తెలిస్తే దీని చెల్లెల్ని ఎవురు చేసుకుంటారు?"

నాకు జాలేసింది. మా ఊళ్ళోనూ ఆ పేరు పైకి అనరు. మూర్ఛ తగ్గాక పిల్ల ఎలాగూ పడుకుంటుంది కాబట్టి, "నిద్రపోయింది" అని రాసేదాన్ని. అబద్ధమేం కాదుగా!

నెలకోసారి నెల్లూరు నుంచి వచ్చే డాక్టరుగారు ఓరోజు పుస్తకం తిరగేసి మురిసిపోయారు. "ఒక్కసారీ రాలేదే! ఇంక మాత్రలు ఆపేద్దాం."

చెప్పాల్సింది నేను. మంచం మీంచి ఆ పిల్లే మాటలు కూడదీసుకుని చెప్పింది.

"మూడుసార్లు... వచ్చింది. అక్క... రాయలా."

సిగ్గుతో చచ్చిపోయాను. మాత్రలు ఆగలేదు, అదే పదివేలు. మా పైన ఉండే నర్సమ్మగారు కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. నా రాతల పక్కన ఎర్ర పెన్సిలుతో ప్రశ్నలు పెట్టారు. ఎప్పుడు? ఎంతసేపు? అంతకుముందు ఏం జరిగింది? "ఈ పుస్తకం బీరువా దాటి పోదమ్మా. జరిగింది జరిగినట్టు రాయి" అన్నారు. ఒళ్ళు మండింది. చాకిరీ నాది, తప్పులు పట్టడం ఈవిడది!

అయినా రాశాను. రాయగా రాయగా ఓ సంగతి నా కంటనే పడింది. మూర్ఛ వస్తున్నది దాదాపు అన్నిసార్లూ ఆదివారాలే. ప్రార్థనకు పిల్లలందరికీ తలలు దువ్వి, కొత్త గౌన్లు తొడిగే హడావుడిలో ఈ పిల్లకు పొద్దుటి మాత్ర వేయడం మరిచిపోతున్నాం. ఆ మరచిపోయేది నేనే. ఆ మాటా రాశాను.

మరుసటి ఆదివారం నుంచి మాత్ర వేశాకే దువ్వెన పట్టాను. రెండు నెలలు మూర్ఛ రాలేదు. నా సంతోషం చెప్పలేను. ఆ తర్వాత ఒక్కసారి, మధ్యాహ్నం వేళ వచ్చింది. రాసింది ఆ పిల్లకే చదివి వినిపించాను. "బిడ్డ చాలా భయపడింది" అన్నచోట నా చెయ్యి పట్టుకుంది.

"నేను... భయపళ్ళా. నువ్వే... ఏడిసినావు."

ఆ వాక్యం కొట్టేశాను. "బిడ్డ భయపడలేదు. నేను ఏడ్చాను" అని రాశాను.