ముద్ర కలవని పెన్‌డ్రైవ్

కలకత్తా పక్కన సంత్రాగాఛి స్టేషన్ దగ్గరి సందులో కంప్యూటర్లు బాగుచేసే మా రేబెకా, ముసలివాళ్ల ఫోన్లు చూసిపెట్టి డబ్బు పుచ్చుకోదు. కాని ఏ ఫైలునూ పేరు చూసి నమ్మదు. తయారుచేసినవాళ్లు ఫైలుకు ఒక హ్యాష్ ప్రకటిస్తారట. ఫైలంతా చదివి కంప్యూటర్ వేసే పొడవాటి ముద్ర అది. ఫైలు పేరు మార్చినా ముద్ర మారదు. లోపల ఒక్క అక్షరం మారితే ముద్ర మొత్తం మారిపోతుంది.

మా చర్చి పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పాటలు బెంగాలీ అక్షరాల్లో తెర మీద పడితేనే వాళ్ల గొంతు లేస్తుంది. పాత కంప్యూటర్ పాడైంది. ఆదివారానికల్లా కొత్తదానిలో పాటల ప్రోగ్రాం ఎక్కించాలి. పార్సిల్ ఆఫీసులో రిటైరైన సంఘపెద్ద కృపాకర్‌గారు శనివారం పెన్‌డ్రైవ్ తెచ్చారు.

రేబెకా అందులోని ఫైలు చూసింది. "ముద్ర కలవట్లేదు బాబాయ్. అసలుది నేను నెట్‌లోంచి దింపుతానుండు."

"దింపొద్దు! మా మేనల్లుడు ప్రణవ్ ఇచ్చినాడు, ఇదే ఎక్కించు. పేరు సూడు, అదే కదేటి?"

"నువ్వు ఎండుచేపల బుట్ట మీద మామిడితాండ్రని రాసి రైలెక్కించినప్పుడూ పేరు బాగానే ఉంది."

ఆయన ఉడుక్కున్నారు. ఆమెను గోడవైపు తిరగమని, ఆమె దగ్గరున్న మూడు ఫైళ్లకూ తన ఫైలుకూ కూరగాయల పేర్లు పెట్టారు.

"ఏది ఏటో సెప్పు. తప్పితే నోర్మూసుకొని ఎక్కించు. నెగ్గితే నెల్లాళ్లు నీ టీలు నేనే మోస్తాను."

రేబెకా ముద్రలు తీసి తన జాబితాతో పోల్చింది. "వంకాయ ప్రింటరుది. బెండకాయ తెలుగు కీబోర్డు. బీరకాయ వీడియోలు చూసేది. పొట్లకాయ మాత్రం నాకు తెలీదు. చెడ్డదనను. తెలీనిదాన్ని చర్చి మెషీన్లో పెట్టను. ఇందులో ఏటి కలిపాడో ప్రణవ్‌నే అడుగుదాం."

ఆమె ఫోను తీసేసరికి ఆయన గబుక్కున అడ్డం చెయ్యి పెట్టారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒద్దు తల్లీ. నేనే కలపమన్నాను. తెరవగానే నా ఫొటో వచ్చి, కింద 'సమర్పణ: కృపాకర్' అని..."

రేబెకా బల్ల కిందికి వంగి, పడని స్క్రూ కోసం చాలాసేపు వెతికింది. తర్వాత అసలు ఫైలు దింపింది. ముద్ర చివరి అక్షరం దాకా కలిసింది. ప్రోగ్రాం ఎక్కేలోగా కృపాకర్‌గారు మట్టి ముంతల్లో టీలు తెచ్చారు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక ఫొటో మాత్రం తీసింది.

దేవుని దయవల్ల ఆదివారం పిల్లలు చర్చి దద్దరిల్లేలా పాడారు. ఆఖరి పాట అయ్యాక తెర మీద ముంతలు పట్టుకున్న కృపాకర్‌గారు ప్రత్యక్షమయ్యారు. కింద "టీలు మోసినవారు: కృపాకర్" అని ఉంది.

అందరూ గొల్లుమన్నారు. ఆయన లేచి నాలుగు వైపులా దణ్ణాలు పెట్టి, జరిగిందంతా తనే చెప్పేశారు. కూర్చుంటూ రేబెకా వైపు తిరిగి, "ఫొటో బాగా తీసినావే గుంటా, వచ్చే ఆదివారం కూడా ఉంచు" అన్నారు.