అమ్మ ముద్ద

మేముండేది బెంగళూరు యలహంకలో, రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు నలభై రెండు. ఇంట్లో చేరినప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. పాపని ఎత్తుకుని ఎక్కడం మొదలయ్యాక నాకే తెలిసింది.

పోయిన ఏడాది ఒక సాయంత్రం ప్లేస్కూలు నుంచి వస్తూ పాప ఆటోలోనే నిద్రపోయింది. భుజాన వేసుకుని ఎక్కుతుంటే సగం మెట్ల దగ్గర ఊపిరి అందలేదు. అక్కడే కూలబడ్డాను. కింద పోర్షన్‌లో ఉండే ఓనరు భార్య చూసి, "కొడమ్మా ఇల్లి" అని కన్నడంలో అడుగుతూ చేతులు చాచి పాపని అందుకుంది. నాకంటే పాతికేళ్లు పెద్దావిడ. పాపని ఎత్తుకుని గబగబా ఎక్కేసింది. నేను పాప బ్యాగు, నీళ్ల సీసా పట్టుకుని, రెయిలింగు ఆసరాతో వెనకాల వెళ్లాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

అప్పటికి నా బరువు నూట పద్నాలుగు. షుగరు మొదలైంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని పరీక్షలో తేలింది. జీలకర్ర నీళ్లు, రాగి జావ, చెరువు చుట్టూ నడక, అన్నం మానేయడం, అన్నీ చేశాను. తగ్గేదాన్ని, తగ్గినదానికి రెండింతలు పెరిగేదాన్ని. చివరికి సర్జన్ దగ్గరికి వెళ్లాం. కడుపుని చిన్నది చేసే ఆపరేషన్ చేస్తానన్నారు. తారీఖు కూడా ఇచ్చారు. ఒక షరతు పెట్టారు.

"మీ లివర్‌కి బాగా కొవ్వు పట్టింది. ఆపరేషన్‌కి అది అడ్డమొస్తుంది. రెండు వారాలు మేం చెప్పినదే తాగాలి, తినాలి. లివర్ కుంచించుకోవాలి, నాలుగు కిలోలైనా తగ్గాలి. లేకపోతే వాయిదా వేయక తప్పదు."

వాయిదా అన్న మాట విని మావారు క్యాలెండరు చూసుకున్నారు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆయన ఆఫీసు. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే రాత్రికి గానీ రారు. ఆ తారీఖుకని బతిమాలి సెలవు తెచ్చుకున్నారు. నా భయం సెలవు గురించి కాదు. ఈసారి తప్పితే మళ్లీ ఇంత ధైర్యం కూడగట్టుకోలేనని నాకు తెలుసు.

ఒంగోలులో ఉన్న అమ్మకి తప్ప చుట్టాలెవరికీ అసలు సంగతి చెప్పలేదు. గాల్ బ్లాడర్‌లో రాళ్లన్నాం. అమ్మ మాత్రం ఫోన్‌లో ప్రతిసారీ ఒకటే మాట. "పురుడప్పుడు నడుముకి గుడ్డ కట్టుకోవే అంటే విన్నావా? ఉక్కగా ఉంది, ఊపిరాడట్లేదు అన్నావు. ఇప్పుడు చూడు, పొట్ట కోయించుకుంటానంటున్నావు." తర్వాత గొంతు తగ్గించి, "చిన్నపిల్ల ఉందే నీకు" అనేది. ఆ మాట దగ్గర నేను ఫోన్ పెట్టేసేదాన్ని. రాత్రుళ్లు నాకు నిద్ర పట్టనిది కూడా ఆ మాటకే. మత్తులోంచి లేవకపోతే? పాప జడ ఎవరు వేస్తారు? ఇలాంటివే.

మొదటి వారం నేను చాలా నిష్ఠగా ఉన్నాననుకున్నాను. పొద్దున ప్రోటీన్ పొడి కలిపిన పాలు, మధ్యాహ్నం కూరగాయల సూపు, సాయంత్రం మజ్జిగ, రాత్రి మళ్లీ సూపు. ప్రతిదీ నోట్‌బుక్కులో టైముతో సహా రాసి, ఫోటో తీసి డైటీషియన్‌కి పంపేదాన్ని. డిగ్రీలో రికార్డు రాసినప్పుడు కూడా అంత శుభ్రంగా రాయలేదు. వారం చివర బరువు చూస్తే తగ్గింది ఆరు వందల గ్రాములు.

డైటీషియన్ చిన్నమ్మాయి. నొప్పించకుండానే అడిగింది. "మేడమ్, ఏదైనా రాయడం మర్చిపోయారా?"

"లేదు. అంతా రాశాను."

"ఒకసారి ఆలోచించండి. టీలో చక్కెర, ఒక బిస్కెట్టు, అలాంటిదేమైనా?"

"నేను అబద్ధాలు రాయను" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆ అమ్మాయి కంగారుపడింది. శనివారం పొద్దున్న ఆపరేషన్ అయినవాళ్లు, కాబోయేవాళ్లు కలిసే మీటింగు ఉంటుందనీ, ఒకసారి రమ్మనీ చెప్పింది. నేను తలూపి వచ్చేశాను. ఆటోలో యలహంక దాకా ఏడ్చాను. లావుగా ఉన్నవాళ్లు దొంగతనంగా తింటారని అందరూ అనుకుంటారు. ఆ అమ్మాయి కూడా అదే అనుకుందని నా ఉక్రోషం.

ఆ శనివారం వెళ్లకూడదనే అనుకున్నాను. పాపని చూసుకోవడానికి మావారు ఇంట్లో ఉన్నారు, వెళ్లకపోవడానికి ఒక్క కారణమూ దొరకలేదు.

మీటింగు జరిగేది క్యాంటీన్ పక్క గదిలో. బరువు తగ్గాల్సినవాళ్లని మసాలా దోసె వాసనలో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరిదో తెలియదు. పదిహేను మంది దాకా ఉన్నారు. కన్నడం, హిందీ, తమిళం, ఇంగ్లీషు కలగలిసి వినిపిస్తున్నాయి. తలుపు పక్కనున్న కుర్చీ లాక్కోబోతుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఆ కుర్చీ వద్దప్పా! దానికి చేతులు ఉండాయి, ఇరుకైతాది. రా, ఈడ కూర్చో. ఈ వరసంతా చేతుల్లేనివే."

నేను గతుక్కుమన్నాను. ఏ గదిలోకి వెళ్లినా నేను ముందు వెతికేది చేతుల్లేని కుర్చీనే. సినిమా హాలు, డాక్టరు గది, పెళ్లి భోజనాలు, ఎక్కడైనా సరే. అది నేనొక్కదాన్నే చేసే పని అనుకునేదాన్ని. మావారికి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడకి యాభై దాటి ఉంటాయి. సన్నగా, చురుగ్గా ఉంది. వేలి ఉంగరం జారిపోకుండా వెనక వైపు దారం చుట్టింది. ఒడిలో చిన్న స్టీలు డబ్బా, అందులో ఒకే ఒక్క ఇడ్లీ. చిటికెడు తుంచి నోట్లో వేసుకుని, నమిలి నమిలి, ఆ తర్వాతే మాట్లాడుతోంది.

"నేను తెలుగని ఎట్లా తెలిసిందాంటీ?" అన్నాను.

"ఫోన్‌లో నీ మొగుడితో మాట్లాడతా వచ్చినావు గదా. ఈ ఆంటీ ఏంటికి, అక్కా అను. ఆంటీ అంటే తగ్గిందంతా మళ్లా పెరిగినట్లైతాది."

వాళ్లది కాటన్‌పేట. మూడు తరాలుగా అక్కడే హోల్‌సేల్ బట్టల వ్యాపారం. ఆపరేషన్ అయి రెండేళ్లయిందట. "కొట్లో గల్లాపెట్టె దగ్గర ఇరవై ఏండ్లు కూర్చున్నా. ఆ కుర్చీ నా కోసం చేయించిందే. ఇప్పుడు దాంట్లో నా మనవడు, నేను ఇద్దరం పడతాము" అని నవ్వింది.

నా వంతు వచ్చినప్పుడు ఆరు వందల గ్రాముల సంగతి చెప్పాను. తారీఖుకి ఇంకా వారమే ఉందనీ, రాసినదంతా నిజమేననీ చెప్పాను. అక్క నోట్‌బుక్కు అడిగి తీసుకుని పేజీలు తిప్పింది.

"బిడ్డకి ఎన్నేండ్లు?"

"నాలుగు."

"అన్నం బాగ తింటాదా?"

"ఎక్కడక్కా, ప్రతి పూటా వదిలేస్తుంది."

"వదిలేసింది ఏం జేస్తావు?"

"ఏం చేస్తాను..." అని ఆగిపోయాను.

తెలుగు రానివాళ్లు కూడా నా మొహమే చూస్తున్నారు.

"తినేస్తాను" అన్నాను.

అక్క కన్నడంలో అందరికీ చెప్పింది. ముందు ఒకావిడ పకపకా నవ్వింది, తర్వాత గదంతా. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఒక పెద్దావిడ చెయ్యెత్తి, "నమ్మనేలూ అదే" అంది. వాళ్లింట్లోనూ అదేనట. ఇంకో ఇద్దరు తల్లులు చేతులెత్తారు. ఒకాయన కూడా ఎత్తాడు.

"మరి పుస్తకంలో రాయలేదేమప్పా?"

"అది తినడం కాదు కదక్కా. ప్లేటు ఖాళీ చేయడం."

నేను దొంగతనం చేయలేదు. నిజంగానే అది నా లెక్కలో తిండి కాదు. నెయ్యి వేసిన పప్పన్నం, ఆవకాయ కలిపిన ముద్ద, సగం కొరికిన దోసె, పెరుగన్నంలో మిగిలిన అరటిపండు ముక్క, ఇవన్నీ నేను సింకు దగ్గర నిలబడే నోట్లో వేసుకునేదాన్ని. మా అమ్మ అంతే చేసేది. కూర్చుని తింటేనే తిన్నట్టు మాకు.

"అన్నం పారేయలేనక్కా. చేయి రాదు."

"నువ్వు పారేయద్దు. మొదలే తక్కువ పెట్టు, అడిగితే మళ్లా పెట్టు. అట్లనూ మిగిల్తే ఫ్రిజ్జులో పెట్టు, మొగుడొచ్చినంక చూసుకుంటాడు. నీ కడుపేమన్నా చెత్తబుట్టనా?"

నన్ను అన్నట్టు కాదు, తన కడుపుని తిట్టుకున్నట్టు అంది. అందుకే కోపం రాలేదు.

నా నంబరు తీసుకుని, పాప ఎన్నింటికి తింటుందో అడిగింది. ఏడున్నర అన్నాను. ఆ సాయంత్రం ఏడున్నరకి ఫోన్ మోగింది.

"తట్ట ఎత్తినావా?" ప్లేటునే ఆవిడ తట్ట అంటుంది.

"తింటోందక్కా ఇంకా."

"సరే, నేను లైన్‌లో ఉంటా. నువ్వు పని చేసుకో."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఉంచాను. అవతల కొట్లో బట్టల బేరాలు వినిపిస్తున్నాయి. ఆవిడ మధ్యమధ్యలో ఎవరినో కన్నడంలో కసురుతూ, నాతో కూరల గురించి మాట్లాడుతూ, పాప ప్లేటు ఎత్తేదాకా ఉంది. రోజూ అంతే. తనకి ఆపరేషన్ అయిన కొత్తలో తమిళావిడ ఒకరు ఇలాగే రోజూ ఫోన్ చేసేదట. భాష సగమే అర్థమయ్యేదట. "మాటలు ముఖ్యం గాదప్పా. ఆ టైముకి నోరు ఖాళీగా ఉండకూడదు, అంతే."

మూడో రోజుకి ఒక సంగతి గమనించాను. పాపకి నాలుగు ముద్దలే పెడుతున్నాను. అయినా ఒకటి మిగులుతోంది. ప్రతిరోజూ, ప్లేటు అంచున, సరిగ్గా ఒక్క ముద్ద. ఆకలి లేదేమోనని మూడే పెట్టాను. రెండు తిని ఒకటి మిగిల్చింది.

"ఎందుకు వదిలేస్తున్నావమ్మా? కడుపు నిండిపోయిందా?"

పాప నన్ను వింతగా చూసింది. "అది నాది కాదు. అమ్మ ముద్ద."

అప్పుడు గుర్తొచ్చింది. పాపకి ఏడాది నిండినప్పుడు నోరు తెరిచేది కాదు. ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద అంటూ ఒక్కొక్కటే పెట్టేదాన్ని. ఆఖరిది అమ్మ ముద్ద అని నా నోట్లో వేసుకుంటే కిలకిలా నవ్వేది. ఆ నవ్వు కోసం రోజూ చేశాను. తర్వాత నేను మర్చిపోయాను, తను మర్చిపోలేదు. మూడేళ్లుగా ఆ పిల్ల తినడానికి పేచీ పెడుతోందని అందరికీ చెప్పాను. తను నా వాటా నాకు తీసిపెడుతోంది.

స్పీకర్‌లో అక్క అంతా విన్నట్టుంది. కొట్లో గోల తగ్గింది, ఫోన్ పట్టుకుని పక్కకి వచ్చినట్టుంది.

"పాపా, నేను పెద్దమ్మని మాట్లాడతాండా. మీ అమ్మకి డాక్టరు బుజ్జి కడుపు పెడతాడు. ఇంక దాంట్లో ఆ ముద్ద పట్టదు. అమ్మ ముద్ద నువ్వే తినేస్తావా?"

పాప ఆలోచించింది. "మరి అమ్మకి ఆకలేస్తే?"

"నువ్వు మజ్జిగ ఇయ్యి. బుజ్జి గ్లాసుతో."

పాప గబుక్కున లేచి షెల్ఫు దగ్గరికి వెళ్లింది. బొమ్మల వంటసామాన్లలో ఒక స్టీలు గ్లాసు ఉంది, నా బొటనవేలంత. అది తెచ్చి నా ముందు పెట్టి, నా మజ్జిగలోంచి ముంచి, సగం నేల మీద ఒలకబోసి అందించింది. నేను తాగాను. మళ్లీ ముంచింది. అలా నా పెద్ద గ్లాసు మజ్జిగ తాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత తను కూర్చుని అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నోరు తెరిచి ఖాళీగా ఉందని నాకు చూపించింది. ఫోన్‌లో అక్క ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది. "జలుబు" అని పెట్టేసింది.

మరుసటి పొద్దున డైటీషియన్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాను. వెనక్కి వెళ్లి గుర్తున్నంత వరకు మొదటి వారం ముద్దలన్నీ నోట్‌బుక్కులో రాశాను. పేజీ అసహ్యంగా తయారైంది, బాణాలు, కొట్టివేతలు. ఆ అమ్మాయి దాన్ని చూసి, "ఇప్పుడు బాగుంది మేడమ్" అంది.

నిన్న చివరి పరీక్ష. మూడు కిలోల ఎనిమిది వందలు. నాలుగుకి రెండు వందలు తక్కువ. సర్జన్ స్కానింగ్ తెర వైపు చాలాసేపు చూశారు. "లివర్ బాగా తగ్గింది. నాకు కావలసింది అదే. తారీఖు మార్చక్కర్లేదు" అన్నారు. బయటికి వచ్చి ముందు అక్కకి ఫోన్ చేశాను. మావారికి ఆ తర్వాత చేశాను. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

అక్క ఎక్కువ మాట్లాడలేదు. "చేతులుండే కుర్చీ ఒకటి నీ కోసం పట్టిపెడతా. ఎప్పుడు పడతావో అప్పుడొచ్చి కూర్చో, తొందరేం లేదు" అంది. మత్తు గురించి భయమేస్తోందన్నాను. తనకీ వేసిందట. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే కొట్టు తాళాలు ఎవరికిచ్చానా అని ఆలోచిస్తూనే నిద్రపోయిందట. "లేచినంక ముందు అదే అడిగినా. నువ్వేమి అడుగుతావో చూద్దాం."

రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. పాప పడుకుంది. అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. సాయంత్రం పాపకి అన్నం పెడుతూ నాలుగు ముద్దలకి ఐదోది కలపబోతే పాపే ఆపింది. "అమ్మమ్మా, చాలు. అమ్మ ముద్ద కూడా నేనే తినాలి కదా." మా అమ్మకి ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. చెబుతానులే అన్నాను. చెప్పాను కూడా. గుడ్డ కట్టుకోలేదన్న మాట ఈ రోజు రాలేదు.

భయం పోలేదు. ఇది రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి పాప ఊపిరి చూసి వచ్చాను, ఆపరేషన్ తనకన్నట్టు. బ్యాగు సర్దడం అయింది. రిపోర్టులు, నైటీలు, ఫోన్ చార్జరు. పడుకునే ముందు పాప స్టీలు గ్లాసు తెచ్చి వాటి మధ్యలో దోపింది. ఆపరేషన్ తర్వాత మొదట్లో కొంచెం కొంచెంగానే తాగాలట. ఎంత అని డైటీషియన్‌ని అడిగితే చిన్న కప్పు చూపించింది. అది ఈ గ్లాసంతే ఉంది.