కుప్పానికి వేరే బిల్డు

“ఒక్క క్లినిక్కు కోసం ఆ ఆప్షన్‌ను ఇంకా ఎన్నాళ్లు మోస్తావన్నా? తీసేయ్!”

“ఆడ ఉండేది రెండు జీబీ కంప్యూటరమ్మా. నీ కొత్త అలొకేటరు పట్టిన మెమరీని వదల్దు. మధ్యాన్నానికంతా బిగుసుకుపోతాది.”

“కొత్త కంప్యూటరు పెట్టుకోమను.”

“నువ్వే పోయి సెప్పు, పెట్టుకుంటారేమో సూద్దాం.”

గోడ అవతల నుంచి వెంకటేష్ అంతా విన్నాడు. ఎక్స్‌రేలు కంప్యూటర్లో చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసది, మదనపల్లెలో. ఇందిర యజమానురాలు. ఆమెతో వాదిస్తున్న వరప్రసాద్ ఆ ప్రోగ్రాంను పదిహేడేళ్ల కిందట రాసిన మనిషి. మిషన్ ఆస్పత్రి క్వార్టర్స్‌లో పుట్టి, తండ్రి కడిగి తీగకు వేలాడదీసిన ఎముకల ఫిల్ములు చూస్తూ పెరిగాడు. ఇప్పుడు షుగరు ఆయన కళ్లను తినేస్తోంది. నెలాఖరుకు ఉద్యోగం మానేస్తున్నాడు.

నెలకోసారి పుంగనూరు మీదుగా కుప్పం బస్సెక్కి, క్లినిక్కులో ఆ పాత కంప్యూటర్ పక్కన పొద్దంతా కూర్చునేవాడు. ప్రోగ్రాం మెమరీ ఎంత మింగిందో గంటగంటకూ రాసుకునేవాడు. అలా చూసి చూసే, ప్రోగ్రాంకు మెమరీ పంచిపెట్టే అలొకేటర్ పాతది కావాలో కొత్తది కావాలో కోడ్ నుంచి ప్రోగ్రాంను కట్టేటప్పుడే, అంటే బిల్డు చేసేటప్పుడే, ఎంచుకునే ఆప్షన్ పెట్టాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో వదిలేసి ఆ ఆఫీసులో పనికి చేరిన వెంకటేష్‌కు అదంతా ముసలి చాదస్తం. ఆ నెల కుప్పం బిల్డు అతని చేతికొచ్చింది. ఆప్షన్ పాతదానికి మార్చాడు గానీ, ముందు బిల్డుల ముక్కలు మిగిలే ఫోల్డర్ తుడవలేదు. అంతకుముందు కట్టిన కొత్త అలొకేటరే లోపల ఉండిపోయింది. తన పదహారు జీబీ కంప్యూటర్లో పరుగులు తీసింది కదా అని పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్కు నుంచి ఎక్స్‌రేలు తీసే కెజియా వెంకటేష్‌కు ఫోన్ చేసింది.

“స్క్రీను కదల్లేదప్పా. రామకుప్పం మునెమ్మ సెయ్యి ఇరిగి పొద్దున్నుంచీ ఈడే కూర్సోని ఏడుస్తాండాది. యాల పంపిస్తిరి ఇట్లాంటిది?”

పక్కనే ఉండి విన్న ఇందిర వెంకటేష్ వైపు తిరిగింది. “సూస్తివా? ఆప్షన్ పాతదానికి మార్చినా బిగుసుకుపోయింది. ఆప్షన్లు పెడితే ఇంతే. రేపు పొద్దున్నే పీకెయ్.”

ఫోల్డర్ సంగతి గుర్తొచ్చినా అతను తలూపాడు. పిరికివాడు.

వరప్రసాద్ మాత్రం ముక్కు స్క్రీనుకు తగిలేంత దగ్గరగా వంగి, బిల్డు లాగ్‌ను, అంటే ప్రోగ్రాం కట్టినప్పటి చిట్టాను, వరసవరసా చదివాడు.

“ఫోల్డరు తుడవలేదు గదప్పా?”

వెంకటేష్ గొంతు తగ్గించాడు. “చెబితే ఉద్యోగం పోతాది సార్.”

“పోవచ్చు.” ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. “నేను సెప్తే, ముసిలోడు మొండికి మాట్లాడతాండాడు అంటాది. ‘తప్పు ఆప్షన్‌ది కాదు, నాది’ అని నువ్వే పోయి సెప్పప్పా. ఆ ఆప్షన్ పీకేసే లోపల.”